ఇరవై ఏళ్ల ఎం3: కొనడానికెంత, ఉంచుకోవడానికెంత

మా పెదనాన్న కొడుకు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. ఎంఎస్ అయి ఉద్యోగం చేస్తున్నాడు, స్టెమ్ ఓపీటీ మీద. ఆఫీసుకి వెళ్లడానికి పాత కరోలా ఉంది, బాగానే నడుస్తోంది. అయినా 2004 మోడల్ బీఎండబ్ల్యూ ఎం3 కూపే ఒకటి చూశాడు. నీలం రంగు, మాన్యువల్ గేర్లు, 95,000 మైళ్లు తిరిగింది, ధర 22,000 డాలర్లు. "నువ్వు మెకానికల్ కదరా, నెలకి ఎంతవుతుందో లెక్క వేసి చెప్పు" అని లింకు పంపాడు. రెండు వారాలు కూర్చుని వేసిన ఆ లెక్కే ఈ వ్యాసం. మన కాలేజీ నుంచి ఏటా ఎంతోమంది అటు వెళ్తున్నారు. వెళ్లిన రెండో ఏడాదికి సగం మంది స్టేటస్‌లో మస్టాంగో, బీఎండబ్ల్యూనో కనిపిస్తుంది. కాబట్టి ఇది అన్నయ్య ఒక్కడి గొడవ కాదనుకుంటా.

ముందు ఆ కారు గురించి కొంచెం. దీన్ని ఈ46 ఎం3 అంటారు. 2000 నుంచి 2006 దాకా తయారైంది, కూపే, కన్వర్టిబుల్ కలిపి 85 వేలకు పైగా. ఇంజన్ పేరు ఎస్54. వరసగా ఆరు సిలిండర్లు, 3,246 సీసీ, అమెరికా మోడల్‌కి 333 హార్స్‌పవర్, రెడ్‌లైన్ 8,000 ఆర్‌పీఎం. టర్బో లేదు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్. కొత్తలో అమెరికాలో 45 వేల డాలర్లు దాటిన కారు, ఇప్పుడు సగం ధరకి దొరుకుతోంది.

తిరకాసంతా ఈ "సగం ధర" దగ్గరే ఉంది. పాతబడే కొద్దీ కారు ధర తగ్గింది, కానీ దాని స్పేర్ పార్టుల ధర తగ్గలేదు, పెరిగింది. మెకానిక్ గంట కూలీ కూడా పెరిగింది. 22 వేల డాలర్ల కారు కొంటున్నామని మనం అనుకుంటాం. సర్వీసు బిల్లు మాత్రం మనది 45 వేల డాలర్ల కారే అన్నట్టు వస్తుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడైతే అంకుశం కంటే మేత ఖర్చే ఎక్కువ.

నేను ఖర్చుల్ని మూడు రకాలుగా విడదీశాను. కారు కదిలినా కదలకపోయినా కట్టాల్సినవి, మైలుకింత చొప్పున అయ్యేవి, "ఎప్పుడొస్తాయో తెలీదు, వస్తే మాత్రం గట్టిగా వస్తాయి" అనేవి. మొదటి రెండూ తేలిక, త్వరగా చెప్పేస్తా.

ఏడాదికి 6,000 మైళ్లు తిప్పుతాడనుకున్నాం, ఎందుకంటే ఇది వీకెండ్ బండి. ఈ కారుకి గ్యాలన్‌కి సుమారు 17 మైళ్లు, అంటే మన భాషలో లీటర్‌కి ఏడు కిలోమీటర్ల చిల్లర. ప్రీమియం పెట్రోలే పోయాలి. గ్యాలన్ మూడున్నర డాలర్లు వేసుకుంటే ఏడాదికి 1,235 డాలర్లు. ఇన్సూరెన్స్‌కి అన్నయ్యకి వచ్చిన కోట్ 1,800. వయసు ఇరవైల్లో ఉండి, అమెరికా డ్రైవింగ్ హిస్టరీ తక్కువ ఉండి, కారేమో ఎం3 అయితే ఇంతకంటే తగ్గదట. రిజిస్ట్రేషన్, ఎమిషన్ టెస్టు కలిపి ఓ 100. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ డాలస్ లాంటి కౌంటీల్లో 24 ఏళ్ల లోపు పెట్రోల్ కార్లకి ఎమిషన్ టెస్టు ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే పాస్ అవదు. పాత బీఎండబ్ల్యూలో ఆ లైటు వెలగకుండా చూసుకోవడం ఓ చిన్న ఉద్యోగమే.

తర్వాత ఆయిలు. ఈ ఇంజన్‌కి 10డబ్ల్యూ-60 అనే చిక్కటి సింథటిక్ ఆయిల్ పోయాలి, అయిదున్నర లీటర్లు పడుతుంది. కంపెనీ చెప్పిన గడువు చాలా ఎక్కువ, ఆ కార్లు వాడేవాళ్లు మాత్రం అయిదు వేల మైళ్లకే మార్చేస్తారు. మధ్యలో కొంచెం కొంచెం తాగుతుంది కూడా, అది రోగం కాదు, అలవాటు. మొత్తం ఏడాదికి 300. టైర్లు 18 అంగుళాలవి, వెనక 255 వెడల్పు. మంచి సెట్టు 1,000 డాలర్లు, 15,000 మైళ్లకి అరుగుతుందనుకుంటే మన వాడకానికి ఏడాదికి 400. బ్రేకులకి, అంటే డిస్కులూ ప్యాడ్లూ కలిపి, 210 పడింది.

ఇంకొకటి మన సీడీలో, కాంపాక్ట్ కార్లలో కనపడని ఖర్చు: వాల్వ్ క్లియరెన్స్ అడ్జస్ట్‌మెంట్. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు ఉంటాయి, వాటి పని అవే చూసుకుంటాయి. ఎస్54లో అవి లేవు, ఎందుకంటే 8,000 ఆర్‌పీఎంకి వాల్వ్‌ట్రెయిన్ బరువు తగ్గాలి. 24 వాల్వులకీ చిన్న చిన్న షిమ్‌లు ఉంటాయి. 30,000 మైళ్లకోసారి కవర్ విప్పి, ఫీలర్ గేజ్ పెట్టి, తేడా ఉన్నచోట షిమ్ మార్చాలి. మిగతా పెద్ద సర్వీసుతో కలిపి వెయ్యి డాలర్లు, ఏడాదికి 200.

ఇప్పటిదాకా 4,245. ఇక్కడితో ఆగిపోతే "నెలకి 350 డాలర్లేగా" అనిపిస్తుంది. నిజానికి చాలామంది ఇక్కడే ఆగిపోయి చెక్కు రాసేస్తారు.

అసలు కథ మూడో రకంలో ఉంది. ఇది మన సబ్జెక్టు కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను.

ఎస్54 బోర్ 87 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 91. స్ట్రోక్ బోర్ కంటే ఎక్కువ ఉన్న ఇంజన్ 8,000 తిరగడం మామూలు విషయం కాదు. పిస్టన్ సగటు వేగం కట్టండి: 2 × 0.091 × 8,000 / 60. సెకనుకి 24 మీటర్ల పైచిలుకు. పోలికకి మనందరికీ తెలిసిన స్ప్లెండర్‌ని తీసుకోండి. దానికీ గరిష్ఠ పవర్ వచ్చేది 8,000 ఆర్‌పీఎం దగ్గరే. కానీ స్ట్రోక్ 49.5 మిల్లీమీటర్లు, అందుకని సగటు వేగం సెకనుకి 13 మీటర్లే. స్ప్లెండర్ ముప్పై ఏళ్లు బతకడానికి, ఎం3 ముప్పై ఏళ్లు బతికించబడడానికి ఉన్న తేడా చాలావరకు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

పిస్టన్ పై చివర ఆగి వెనక్కి తిరిగేటప్పుడు యాక్సిలరేషన్ చూడండి. క్రాంక్ రేడియస్ 45.5 మిల్లీమీటర్లు, ఒమెగా 838. ఆర్ ఒమెగా స్క్వేర్ కడితే గురుత్వ త్వరణానికి 3,200 రెట్లు దాటుతుంది. కనెక్టింగ్ రాడ్ కోణం వల్ల వచ్చే రెండో టర్మ్ కలిపితే ఇంకా పెరుగుతుంది. పిస్టన్, పిన్ను కలిపి అర కిలో అనుకుందాం. ఆ అర కిలో ఒకటిన్నర టన్నుల పైగా బలంతో రాడ్‌ని లాగుతుంది, సెకనుకి 133 సార్లు. ఆ బలం మొత్తం మోసేది రాడ్ బేరింగ్ షెల్. షెల్‌కీ క్రాంక్‌కీ మధ్య ఉండేది మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్కలో ఉండే ఆయిల్ పొర. ఆ పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు. థర్డ్ ఇయర్‌లో హైడ్రోడైనమిక్ లూబ్రికేషన్ అని చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయింది ఇదే.

ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఇంజన్‌ని ఎక్కువ తిప్పితే ఆ పొర సరిగా ఏర్పడదు. అందుకే ఈ కారు టాకోమీటర్ చుట్టూ చిన్న దీపాలు ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు తక్కువ ఆర్‌పీఎం నుంచే అవి వెలిగి ఉంటాయి, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ "ఇప్పుడు ఇంతవరకు తిప్పుకో" అని చెప్తాయి. నాకు ఈ కారులో నచ్చిన డిజైన్ అదొక్కటే అంటే అన్నయ్యకి కోపమొచ్చింది. సమస్య ఏంటంటే ముందున్న ముగ్గురు నలుగురు ఓనర్లు ఆ దీపాల మాట విన్నారో లేదో మనకి తెలీదు. 2003 మధ్య వరకు వచ్చిన కార్లకి బీఎండబ్ల్యూనే బేరింగులు మార్చి, ఇంజన్ వారంటీ లక్ష మైళ్లకి పెంచాల్సొచ్చింది. మన 2004 బండి ఆ గొడవ తర్వాతిదే అయినా, లక్ష మైళ్ల దగ్గర బేరింగులు ముందుజాగ్రత్తగా మార్చడం ఈ కార్లవాళ్లలో ఆనవాయితీ. గ్యారేజీలు చెప్పిన ధర 2,500 డాలర్ల దగ్గర. మార్చకపోతే, ఓ రోజు బేరింగ్ తిరిగిపోతే, ఇంజనే పోతుంది. దాని ధర నేను ఈ లెక్కలో వెయ్యలేదు, వేస్తే వ్యాసం ఇక్కడే అయిపోతుంది.

రెండోది వానోస్. క్యామ్‌షాఫ్ట్ టైమింగ్‌ని నడుస్తుండగానే మార్చే హైడ్రాలిక్ ఏర్పాటు అది. మామూలు ఇంజన్ ఆయిల్ ప్రెషర్ సరిపోదని దీనికి విడిగా 100 బార్ దాటిన ప్రెషర్ ఇచ్చే పంపు పెట్టారు. ఆ పంపుని తిప్పేది ఎగ్జాస్ట్ క్యామ్ హబ్ మీదున్న రెండు చిన్న కొక్కేలు. ఏళ్లు గడిచాక కొక్కేలు కొట్టుకుని కొట్టుకుని అరుగుతాయి, ఒక్కోసారి విరుగుతాయి. విరిగిన ముక్క ఎక్కడ పడుతుందన్నది అదృష్టం. బాగుచేయించడానికి 2,000.

మూడోది ఇంజన్‌కి సంబంధం లేనిది, నాకైతే అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. వెనక డిఫరెన్షియల్‌నీ, సస్పెన్షన్‌నీ మోసే సబ్‌ఫ్రేమ్ నాలుగు చోట్ల కారు బాడీ అడుగు రేకుకి బిగించి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఆ నాలుగు బిందువుల దగ్గర రేకు ఒకవైపు లాగబడుతుంది, వదిలితే ఇంకోవైపు. ఒక్కసారికి ఏమీ కాదు. లక్షల సార్లయితే స్పాట్ వెల్డ్‌ల పక్కన సన్నటి చీలిక మొదలవుతుంది. ఫెటీగ్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ మన టెక్స్ట్ బుక్కులో లేదు. కిందికి దింపి, చీలికలు వెల్డ్ చేసి, ప్లేట్లు వేసి బలపరచడానికి 3,500 వరకు. ఇంజన్ చప్పుడు వింటే తెలిసే జబ్బు కాదిది. లిఫ్ట్ మీద ఎక్కించి, బురద తుడిచి, టార్చి లైటు వేసి చూడాల్సిందే.

మిగతావి గబగబా. ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, రేడియేటర్, వాటర్ పంపు, గొట్టాలు కలిపి కూలింగ్ సిస్టం 1,000. టెక్సస్ ఎండలో ఇది ఐచ్ఛికం కాదు. క్లచ్ 2,000. షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు 2,500. అన్నీ కూడితే 13,500 డాలర్లు.

అన్నీ మనకే తగలాలని లేదు కదా అన్నాడు అన్నయ్య. నిజమే, అందుకే ప్రాబబిలిటీ వేశాను. అయిదేళ్లు ఉంచుకుంటాడు, అంటే ఇంకో 30,000 మైళ్లు. బేరింగులు ఎలాగూ మార్పిస్తాడు కాబట్టి 1. వానోస్ 0.6. సబ్‌ఫ్రేమ్ 0.5, క్లచ్ 0.5. కూలింగ్, సస్పెన్షన్ 0.8 చొప్పున. ఈ అంకెలు నా అంచనాలే, ఎవరి పరిశోధనా కాదు, మీకు వేరే అనిపిస్తే మార్చుకోండి. గుణించి కూడితే 9,250, ఏడాదికి 1,850. కిటికీ మోటార్లు, సెన్సార్లు, కారే గాస్కెట్లు లాంటి చిల్లరకి ఇంకో 700.

ఎక్స్‌పెక్టెడ్ వాల్యూతో ఓ ఇబ్బంది ఉంది. 1,850 అనేది కాగితం మీద సగటు. అది ఏటా బుద్ధిగా 1,850 గా రాదు. రెండేళ్లు సున్నా ఉండి, మూడో ఏడాది జూలైలో ఒకే నెలలో 6,000 అడుగుతుంది. సగటు కట్టగలిగినవాడు ఆ జూలైని కట్టగలడని అర్థం కాదు. అందుకని కొన్న రోజునే ఓ 5,000 పక్కన పెట్టి, ముట్టుకోకుండా ఉంచగలిగితేనే కొనాలని నా పట్టు.

సొంతంగా చేసుకుంటే సగం మిగులుతుంది కదా అని మన మెకానికల్ వాళ్లు అడుగుతారు. మిగులుతుంది. అక్కడ మంచి గ్యారేజీలో గంట కూలీ 150 డాలర్లు దాటింది కాబట్టి బిల్లులో ఎక్కువ భాగం కూలీయే. వాల్వ్ అడ్జస్ట్‌మెంట్, కూలింగ్ సిస్టం ఓపికున్నవాడు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. కానీ అన్నయ్య ఉండేది అపార్ట్‌మెంటులో. పార్కింగ్‌లో కార్లు రిపేర్ చేయకూడదని లీజులోనే రాసి ఉంది. ఇల్లూ గ్యారేజీ ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు యూట్యూబ్‌లో చెప్పే ఖర్చులు అద్దెకుండేవాళ్లకి వర్తించవు.

ఇక మిగిలింది డిప్రిసియేషన్. ఇక్కడ అన్నయ్య వాదన గట్టిది. ఈ46 ఎం3 ధరలు అడుగుకి చేరి మళ్లీ పైకి లేచాయి. మాన్యువల్ గేర్లవాటికి గిరాకీ ఉంది. "కరోలా ధర ఏటా పడుతుంది, ఇది పడదు, కాబట్టి నాకు ఖర్చు కాదు, పెట్టుబడి" అంటాడు. సరే, డిప్రిసియేషన్ సున్నా వేశాను. టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 1,375, అది తిరిగి రాదు కాబట్టి అయిదేళ్లకి పంచితే 275. మొత్తం ఏడాదికి 7,070 డాలర్లు.

నేను ఇంకో గడి కలిపాను, దాని మీదే మా ఇద్దరికీ గంటసేపు వాదన జరిగింది. ఆ 22 వేలు ఎక్కడివి? దాచుకున్నవే, అప్పు చేయట్లేదు. కానీ ఎంఎస్‌కి తీసుకున్న లోన్ ఇంకా తీరలేదు. వడ్డీ 11 శాతం. ఆ డబ్బు లోన్‌కి కడితే ఏడాదికి 2,420 డాలర్ల వడ్డీ ఆగుతుంది. కారుకి పెడితే ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి అది కారు ఖర్చే. మొత్తం షీటులో పెట్రోలు కంటే, ఇన్సూరెన్స్ కంటే, బేరింగుల కంటే పెద్ద అంకె ఇది. కార్ల గురించి మాట్లాడేవాళ్లెవరూ దీన్ని లెక్కలో చూపించరు, ఎందుకంటే దీనికి రసీదు రాదు. అది కలిపితే 9,490. మైలుకి డాలరున్నర పైన. డాలరు 85 రూపాయలు వేసుకుంటే నెలకి 67 వేలు.

తెనాలి దగ్గర పెదనాన్న పొలం పాస్‌బుక్ ఆ లోన్‌కే బ్యాంకులో ఉంది. పెదనాన్న ఒక్కరోజు కూడా అడగలేదు, "నీ వీలు చూసుకుని కట్టరా" అంటాడంతే. ఈ మాట షీటులో ఏ గడిలో పెట్టాలో నాకు తెలీక, వాదనలో పైకి అనేశాను. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో సంగతి వీసా. అన్నయ్యకి హెచ్1బీ లాటరీ రెండుసార్లు తగల్లేదు. ఓపీటీ, స్టెమ్ ఎక్స్‌టెన్షన్ మొత్తం కలిపి ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 150 రోజులు. గడువు పూర్తయితే సర్దుకోవడానికి 60 రోజులు. అప్పుడు కారేం చేస్తాం? ఇండియాకి తెచ్చుకోలేం, మన రూల్ ప్రకారం సెకండ్ హ్యాండ్ కారు దిగుమతి చేయాలంటే మూడేళ్ల లోపుదై, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమ్మాల్సిందే. ఎం3 ధర పడదన్న మాట ఆరు నెలలు ఆగి సరైన కొనేవాడి కోసం చూడగలిగినవాడికి నిజం. విమానం టికెట్ చేతిలో పెట్టుకుని అమ్మేవాడికి కాదు. ఆ రోజు మూడు వేలు తగ్గించమంటే తగ్గించాల్సిందే. కరోలాకైతే శనివారం పెడితే ఆదివారానికి కొనేవాళ్లు వస్తారు.

ఇంతా చెప్పి కారు చెడ్డదని నేననను. ఇవన్నీ తెలిసి, అప్పు లేకుండా, వీసా స్థిరపడి కొనేవాళ్లకి అది మంచి కారే. వాళ్లకి నేను చెప్పేది ఒకటి: రసీదులు చూసి కొనండి. 17 వేలకి దొరికే, కాగితాలేవీ లేని ఎం3 కి ఆ 13,500 పని మొత్తం మిగిలే ఉందనుకోవాలి, అప్పుడది 30,500 డాలర్ల కారు. బేరింగులు, వానోస్, సబ్‌ఫ్రేమ్ పని అయినట్టు తేదీలతో బిల్లులున్నది 26 వేలకి వచ్చినా చవకే. చవగ్గా కనిపించేవాటిలో చాలా వాటికి ఎస్ఎంజీ గేర్‌బాక్స్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు, హైడ్రాలిక్ పంపు క్లచ్ నొక్కుతుంది. ఆ పంపు పోతే బిల్లు మళ్లీ వేలల్లోనే. కొనేముందు ఈ కార్లు తెలిసిన గ్యారేజీలో 300, 400 డాలర్లు పెట్టి చూపించాలి. సిలిండర్ లీక్‌డౌన్ టెస్టు, లిఫ్ట్ మీద సబ్‌ఫ్రేమ్, పాత ఆయిల్ శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపి అందులో బేరింగ్ లోహం ఎంతుందో చూడటం, ఈ మూడూ తప్పనిసరి. అమ్మేవాడు వీటికి ఒప్పుకోకపోతే అదే జవాబు.

మా షీటు సంగతికొస్తే, అన్నయ్య ఆ నీలం కారు ఓనర్‌కి మూడు ప్రశ్నలు పంపాడు. బేరింగులు మార్చిన బిల్లు ఉందట. వానోస్ ముట్టుకోలేదట. సబ్‌ఫ్రేమ్ గురించి "ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు" అని రాశాడు, ఫోటోలు పంపలేదు. నా ఓటు మాత్రం ముందు లోన్ తీర్చమనే. మొన్న ఫోన్లో, ఈ నెల లోన్‌కి మామూలు కంటే 4,000 డాలర్లు ఎక్కువ కట్టానన్నాడు. కారు లింకు మాత్రం ఇంకా సేవ్ చేసే ఉంచాడు. షీటు క్లబ్ డ్రైవ్‌లో పెట్టాను, మస్టాంగ్‌కైనా వాడుకోవచ్చు. పసుపు రంగు గళ్లలో మీ అంకెలు వేసుకోండి, 11 ఉన్నచోట మీ లోన్ వడ్డీ వేయండి.